ఆ ఫార్వర్డ్‌లో ఉన్న రాంకిన్ ఎవరో నాకు తెలియదు

మార్చి 8 వచ్చిందంటే నా ఫోన్‌కి ఒక గులాబీ పువ్వు, ఒక ఝాన్సీ లక్ష్మీబాయి, ఒక జెనెట్ రాంకిన్ తప్పకుండా వస్తాయి. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదాన్ని ఈసారి మా వదిన పంపింది. డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు పంపారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీగారు నీళ్ల ట్యాంకర్ నోటీసుకీ లిఫ్ట్ రిపేర్ నోటీసుకీ మధ్యలో పెట్టారు. నిన్న మా బాబాయి ఏకంగా ఫోన్ చేసి, “అమ్మాయ్, నువ్వు కాలేజీలో చరిత్ర చెప్తావు కదా, ఈవిడ గురించి పిల్లలకి ఎప్పుడైనా చెప్పావా?” అని నిలదీశాడు. చెప్పాను బాబాయ్. నువ్వు చదివిన ఆవిడ గురించి మాత్రం కాదు.

మెసేజ్ ఇంకా అందని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. అమెరికా కాంగ్రెస్‌లో జెనెట్ రాంకిన్ అనే వీరవనిత ఉండేది. ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా ఎంపీ. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడూ సభంతా యుద్ధం కావాలంటే ఆమె ఒక్కతే వద్దంది. మొదటిసారి ఓటు వేస్తూ, తల్లుల కడుపుకోత తలుచుకుని సభలోనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె గాంధీగారి శిష్యురాలు, ఆయన ఉత్తరం రాయబట్టే అంత ధైర్యం వచ్చింది. దేశద్రోహి అని ముద్ర వేసి సభలోంచి గెంటేశారు. ఏడుసార్లు భారతదేశానికి వచ్చింది. జీవితంలో ఒక్కసారి కూడా యుద్ధానికి ఓటు వేయలేదు. చివరికి ఆమే కరెక్టని చరిత్ర తేల్చింది. మన ఎంపీల్లో ఇలాంటివాళ్లు ఒక్కరైనా ఉన్నారా? నిజమైన భారతీయులైతే పదిమందికి పంపండి.

అమెరికా ఆవిడ గురించి పంపడానికి నిజమైన భారతీయులం ఎందుకు కావాలో నాకు అంతుపట్టలేదు. పోనీ, వదిలేద్దాం.

చిన్నవి ముందు తేల్చేస్తాను. “ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా ఎంపీ” కాదు. ఫిన్లాండ్‌లో 1907లోనే 19 మంది ఆడవాళ్లు గెలిచి పార్లమెంటులో కూర్చున్నారు. రాంకిన్ గెలిచింది 1916 నవంబరులో. అమెరికాలో మొదటిది, అంతే. అది చాలదా? ఇంకోటి, “కాంగ్రెస్ ఎంపీ” అని మెసేజ్‌లో ఉన్నందుకు మా బాబాయి “కాంగ్రెస్సే కదా, గాంధీ శిష్యురాలంటే నమ్మొచ్చు” అన్నాడు. అక్కడ కాంగ్రెస్ అంటే చట్టసభ పేరు బాబాయ్. ఆవిడ పార్టీ రిపబ్లికన్.

“ఒక్కతే వద్దంది” అన్నది సగం నిజం. 1941 డిసెంబరు 8న జపాన్ మీద యుద్ధానికి 388 మంది అవునన్నారు, కాదన్నది నిజంగానే ఆవిడ ఒక్కతే. 1917లో అలా కాదు. ప్రతినిధుల సభలో 373 మంది అవునంటే, 50 మంది కాదన్నారు. అంతకు రెండు రోజుల ముందు పై సభ సెనేట్‌లో ఇంకో ఆరుగురు కాదన్నారు. వాళ్లలో లా ఫాలెట్ అనే ఆయన గంటల తరబడి నిలబడి వాదించాడు. ప్రతినిధుల సభలో కాదన్నవాళ్లలో క్లాడ్ కిచిన్ కూడా ఉన్నాడు. ఆయన మామూలు సభ్యుడు కాదు, యుద్ధం అడుగుతున్న అధ్యక్షుడు విల్సన్ సొంత పార్టీకి సభలో నాయకుడు. ఇతరులు పోరాడే యుద్ధాన్ని ప్రకటించడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదని ఆ రాత్రి అన్నది ఆయనే.

ఈ 50 గురించి నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఒక్కతే అనేసరికి అది ఒక మనిషి అభిప్రాయం కాకుండా పోతుంది. ఏదో పూనకం లాగా, వరం లాగా తయారవుతుంది. 50 అంటే అలా కాదు. ఆ దేశంలో యుద్ధం వద్దనే జనం ఉన్నారు, వాళ్లకీ సభలో గొంతు ఉంది, అందులో ఒకటి ఈవిడది.

ఇక ఏడుపు.

మెసేజ్‌లో నా ఒళ్లు మండించింది ఇదే. దీన్ని పంపేవాళ్లు పొగడ్త అనుకునే పంపుతున్నారు, అదే బాధ. అసలేం జరిగిందో ఒకసారి చూడండి. 1917 ఏప్రిల్ 2న ఆవిడ ప్రమాణం చేసింది. పొద్దున ఆడవాళ్ల ఓటు హక్కు ఉద్యమంలోని రెండు వర్గాల నాయకురాళ్లు, ఒకరంటే ఒకరికి పడని క్యారీ చాప్మన్ క్యాట్, ఆలిస్ పాల్, ఆవిడకి చెరోవైపు కూర్చుని టిఫిన్ చేశారు. అదే రోజు రాత్రి విల్సన్ వచ్చి యుద్ధం ప్రకటించమని అడిగాడు. అంటే ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఈ ఫైలు టేబుల్ మీదకి వచ్చింది. చర్చ 5వ తేదీ అంతా సాగి, 6వ తేదీ తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో పేర్లు పిలవడం మొదలైంది. మొదటి విడతలో ఆవిడ పేరు పిలిస్తే పలకలేదు. జో క్యానన్ అనే పాత స్పీకరు, పండు ముసలాయన, ఆవిడ దగ్గరికి వచ్చి, “చిన్నమ్మాయీ, ఓటు వేయకుండా ఉండటానికి నీకు వీల్లేదు, ఈ దేశంలో ఆడవాళ్లందరి తరఫునా ఉన్నదానివి” అన్న అర్థంలో చెప్పాడు. ఆ చిన్నమ్మాయికి అప్పటికి 36 ఏళ్లు నిండాయి.

రెండో విడతలో లేచి నిలబడింది. “నా దేశం పక్కన నిలబడాలనే ఉంది, కానీ యుద్ధానికి ఓటు వేయలేను” అంది. పేర్లు పిలిచేటప్పుడు అవును, కాదు తప్ప ఇంకో మాట అనకూడదని అక్కడి ఆనవాయితీ. అది తప్పింది. కూర్చుంది. ఇంతే.

ఏడ్చిందని మర్నాడు పేపర్లు రాశాయి. అక్కడే ఉన్న న్యూయార్క్ సభ్యుడు లాగార్డియాని ఎవరో అడిగితే, నా కళ్లలో నీళ్లు అడ్డం వచ్చి ఆవిడ ఏడ్చిందో లేదో కనిపించలేదన్నాడు. ఆయన యుద్ధానికి అనుకూలంగా ఓటు వేసినవాడు! కిచిన్ కళ్లూ చెమ్మగిల్లాయని చెప్పారు. ఆ వారమంతా ఏడ్చి ఏడ్చి, తీరా ఓటు వేళకి నా దగ్గర కన్నీళ్లే మిగల్లేదని ఆవిడ తర్వాత ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు లెక్క తీయండి. ఇద్దరు మగవాళ్ల కళ్లు తడిశాయి. ఒక ఆడమనిషి కళ్లు ఆ క్షణంలో పొడిగా ఉన్నాయి, అది కూడా ఆవిడ మాట ప్రకారమే. నూరేళ్లు దాటాక వైజాగ్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వచ్చిన ఏడుపు ఎవరిది?

మిగతా 49 మంది ఓటుకి కారణాలు ఉన్నాయట. నియోజకవర్గం, పార్టీ, సిద్ధాంతం, వాల్ స్ట్రీట్ మీద కోపం. ఈవిడకి మాత్రం కడుపుకోత. ఆవిడకి పిల్లలే లేరు తల్లీ! పెళ్లే చేసుకోలేదు. అయినా సరే, ఆడది కాదంటే ముందు కళ్లు తుడవాలి, తర్వాతే మాట వినాలి. ఎవరింట్లో చూడలేదు ఇది? వదిన ఆస్తి పంపకంలో సంతకం పెట్టనంటే “పాపం, మనసు బాగోలేదు” అని సర్దేశారు. ఆవిడ మనసు శుభ్రంగా ఉంది. లెక్క తప్పని చెప్పిందంతే. ఆ వదినే ఈ మెసేజ్ పంపడం నాకు ఇంకా జీర్ణం కావడం లేదు.

ఆ కన్నీళ్ల కింద ఏం మునిగిపోయిందో చెప్తాను. మోంటానా ఇంకా రాష్ట్రం కూడా కాని రోజుల్లో, 1880లో, మిజూలా దగ్గర పశువుల రాంచ్‌లో పుట్టింది. 1902లో జీవశాస్త్రంలో డిగ్రీ తీసుకుంది. టీచరుగా చేసింది, బట్టలు కుట్టింది, న్యూయార్క్‌లో సామాజిక సేవ చదువుకుంది. 1910లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేసింది, అక్కడ గెలిచారు. 1911లో సొంత రాష్ట్రం శాసనసభ ముందు నిలబడి అదే హక్కు అడిగింది. ఊరూరా తిరిగి 1914లో సాధించింది. ఆ తర్వాత రెండేళ్లకే, రాష్ట్రం మొత్తానికీ రెండే సీట్లుంటే అందులో ఒకటి గెలిచింది. ఖర్చు, వ్యూహం తమ్ముడు వెల్లింగ్టన్‌వి. ఆయన లాయరు, డబ్బున్నవాడు. ఆ మాటా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎన్నికల పని తెలిసిన రాజకీయ నాయకురాలు. సభలో అడుగుపెట్టేసరికి ఓట్లు లెక్కపెట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ లెక్క ఎక్కడ కనపడుతుందంటే, 1918 జనవరి 10న. ఆడవాళ్లకి ఓటు హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణ మీద ప్రతినిధుల సభలో చర్చ మొదలుపెట్టింది ఆవిడే. ప్రపంచంలో ప్రజాస్వామ్యాన్ని కాపాడతామని యుద్ధానికి ఓటు వేసిన ఈ సభే, సొంత దేశంలో ఆడవాళ్లకి ఈ కాస్త ప్రజాస్వామ్యం ఇవ్వనంటే, ఆ మాటకి అర్థమేంటో వాళ్లకి ఎలా చెప్పమంటారు అని అడిగింది. 274 అవును, 136 కాదు. మూడింట రెండొంతులు సరిగ్గా. ఒక్కరు అటు దూకినా పడిపోయేది. సెనేట్‌లో అప్పటికి ఆగిపోయింది, అది వేరే కథ. కానీ ఆవిడ ఏప్రిల్ ఓటు వల్ల ఉద్యమం కొంప మునిగిందని క్యాట్ లాంటివాళ్లే లోపల లోపల తిట్టుకున్నారు కదా, తొమ్మిది నెలల్లోనే ఈ 274 వచ్చాయి. దీని మీద ఫార్వర్డ్ ఎందుకు రాదు? ఇందులో ఎవరూ ఏడవలేదు కాబట్టి.

బ్యూట్ గురించి అసలే రాదు. యుద్ధం మొదలైన రెండు నెలలకి, 1917 జూన్ 8 రాత్రి, మోంటానాలోని బ్యూట్‌లో స్పెక్యులేటర్ అనే రాగి గనిలో ఒక కరెంటు కేబుల్‌ని కిందికి దించుతున్నారు. ఎందుకో తెలుసా? అగ్నిప్రమాదాల నుంచి రక్షణ ఏర్పాటు కోసం. కేబుల్ జారి పడింది, పైనున్న నూనె గుడ్డ పొర చిరిగింది. చూద్దామని దిగిన ఒక ఫోర్‌మన్ తలమీది కార్బైడ్ దీపం దానికి తగిలింది. 168 మంది చనిపోయారు. కొందరు పక్క గనిలోకి పారిపోబోతే దారిలో సిమెంటు గోడలు అడ్డం. కార్మికులు సమ్మె చేశారు. ఊరంతా, పేపర్లతో సహా, అనకొండ అనే రాగి కంపెనీ గుప్పిట్లో ఉన్న రాష్ట్రంలో, రాగి లేకపోతే తూటా లేని రోజుల్లో, ఆవిడ బ్యూట్‌కి వెళ్లి వేలమంది ముందు కార్మికుల పక్షాన మాట్లాడింది. గనుల్ని ప్రభుత్వమే తీసుకోవాలని సభలో తీర్మానం పెట్టింది. ఏప్రిల్ ఓటు ఆవిడకి ఎంత చేటు చేసిందో గానీ, కంపెనీకి మాత్రం ఈ పని కంట్లో నలుసైంది. నోట్లు ముద్రించే ప్రభుత్వ ఆఫీసులో ఆడకూలీలతో పన్నెండు గంటలు, ఆ పైన కూడా చేయిస్తున్నారని తెలిసి, విచారణ జరిపించి ఎనిమిది గంటల పని తెప్పించిందీ ఆ ఏడాదే.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డుకట్ట వేసుకోవాలి. ఆడతనాన్ని ఆవిడకి నేనో మీరో అంటగట్టామంటే అది పూర్తి నిజం కాదు. ఆవిడే వాడుకుంది. ఆడవాళ్లు సభకి వస్తే పిల్లల గురించి పట్టించుకునేవాళ్లు ఉంటారని ప్రచారంలో చెప్పింది. 1941లో ఆవిడ అన్న మాట ఏంటి? “ఆడదాన్ని కాబట్టి నేను యుద్ధానికి వెళ్లలేను, ఇంకెవర్నీ పంపను.” ఇది నా వాదనకి అడ్డంగానే పడుతుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ వాక్యంలో కన్నీరు ఎక్కడుంది? తాను చేయని పని ఇంకొకరికి పురమాయించనంటోంది. అది ఏడుపు కాదు, న్యాయం లెక్క.

“దేశద్రోహి అని గెంటేశారు.” ఎవరూ గెంటలేదు. 1918కి ముందు మోంటానా శాసనసభ రాష్ట్రాన్ని రెండు నియోజకవర్గాలుగా కోసింది. ఆవిడ వాటా డెమోక్రాట్ల కోటలో పడింది. అక్కడ గెలవనని తెలిసి సెనేట్‌కి పోటీ చేసింది, సొంత పార్టీలోనే టికెట్ పోరులో ఓడింది, వేరే పార్టీ మీద నిలబడి మూడోస్థానంలో వచ్చింది. గీత గీసి మనిషిని పక్కకి నెట్టడం మనకి తెలియని విద్యా? దానికి దేశద్రోహం ముద్ర అక్కర్లేదు, మ్యాపు చాలు. 22 ఏళ్ల తర్వాత, 1940లో, 60 ఏళ్ల వయసులో అదే రాష్ట్రం ఆవిడని మళ్లీ గెలిపించింది. గెంటేసినవాళ్లు పిలుస్తారా?

1941 ఓటు తర్వాత గొడవ మాత్రం నిజమే. మాట్లాడతానంటే స్పీకర్ రేబర్న్ అవకాశం ఇవ్వలేదు. సభలో ఈలలు, బుసలు. బయట జనం, విలేకర్లు మీదపడితే ఒక ఫోన్ బూత్‌లోకి దూరి తలుపేసుకుని, కాపిటల్ పోలీసులకి ఫోన్ చేసి వాళ్లొచ్చాక ఆఫీసుకి చేరింది. డబ్బిచ్చి గెలిపించిన తమ్ముడే మోంటానా నూటికి నూరుపాళ్లూ నీకు వ్యతిరేకంగా ఉందని టెలిగ్రాం కొట్టాడు. అయినా పదవీకాలం పూర్తి చేసింది. 1942లో ఇక పోటీ చేయలేదు. ఆ సీటులో గెలిచిన మైక్ మాన్స్‌ఫీల్డ్ చాలాకాలం తర్వాత అమెరికా రాయబారిగా వెళ్లిన దేశం ఏదనుకున్నారు? జపాన్.

గాంధీ ఉత్తరం. ఇది రాసిన మహానుభావుడికి దండం పెట్టాలి. 1917 ఏప్రిల్ 6 తెల్లవారుజామున రాంకిన్ ఓటు వేసింది. గాంధీ ఏప్రిల్ 10న పట్నాలో రైలు దిగాడు, చంపారన్ వెళ్లే దారిలో. మన దేశంలోనే చాలామందికి ఆయనెవరో తెలియని రోజులవి. నీలిమందు రైతుల సంగతేంటో ఇంకా కళ్లారా చూడని ఆ మనిషి, మోంటానాలో రాంకిన్ అనే ఆవిడ నెగ్గిందని తెలుసుకుని, ఓడలో వారాలు పట్టే ఉత్తరం రాసి, అది సరిగ్గా ఓటు వేళకి చేరేట్టు చూసుకున్నాడన్నమాట. పైగా ఆ మరుసటి ఏడు, 1918 వేసవిలో, గాంధీ ఏం చేస్తున్నాడో వెతకండి. ఖేడా పల్లెల్లో ఊరూరా తిరిగి బ్రిటిష్ సైన్యంలో చేరండని రైతుల్ని అడుగుతున్నాడు. అదే యుద్ధానికి! అహింస పాఠం ఆ సమయంలో ఎవరు ఎవరికి చెప్పాల్సిందో మీరే తేల్చుకోండి.

గాంధీ మీద ఆవిడకి గౌరవం తర్వాత వచ్చింది, బలంగానే వచ్చింది. 1924లో జార్జియాలో పొలం కొని, ఫోన్ కూడా లేని ఇంట్లో పొదుపుగా బతికింది. పదవి ఊడాక 1946లో మొదటిసారి ఇండియాకి బయల్దేరింది. ఆయన్ని కలవాలని ఆశ. ఆ చలికాలం ఆయన బెంగాల్‌లోని నోవాఖలీలో మతకల్లోలాల మధ్య పల్లె పల్లెకీ కాలినడకన తిరుగుతున్నాడు. కలవడం ఎన్నటికీ కుదరలేదు.

ఏడుసార్లు ఇండియా వచ్చిందన్న మాట చూసి నేను నవ్వాను. ఏడు మనకి ఇష్టమైన అంకె కదా, ఏడేడు లోకాల్లాగా తగిలించారనుకున్నాను. సరిచూద్దామని కూర్చుంటే, నిజమే. 1946కీ 1971కీ మధ్య ఏడుసార్లు వచ్చింది. చివరిసారి వచ్చేసరికి తొంభై దాటింది. మెసేజ్ మొత్తంలో నేను తప్పని గ్యారంటీగా అనుకున్నదే నిజమైంది. సెక్రటరీగారికి ఈ ఒక్క మార్కు వేస్తున్నాను.

“జీవితంలో ఒక్కసారి కూడా యుద్ధానికి ఓటు వేయలేదు.” ఇది వేరేవాళ్లు రాస్తే తిట్టేదాన్ని. తిట్టలేను, ఎందుకంటే ఏళ్ల తరబడి బోర్డు మీద ఇదే వాక్యం నేనూ రాశాను. ఒక పిల్ల లేచి, “మేడమ్, ఆస్ట్రియా-హంగరీ మీద కూడా యుద్ధం ప్రకటించారు కదా, అప్పుడు?” అని అడిగేవరకూ. ఇంటికెళ్లి చూసుకున్నాను. 1917 డిసెంబరు 7న ఆ యుద్ధానికి 365 మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరు న్యూయార్క్ నుంచి గెలిచిన సోషలిస్టు సభ్యుడు, పేరు మేయర్ లండన్. రాంకిన్ అవునంది! యుద్ధం మూర్ఖపు పనేనని ఇప్పటికీ నమ్ముతున్నా, ఇది ఇదివరకే నడుస్తున్న యుద్ధంలో ఒక లాంఛనం మాత్రమేనన్న అర్థంలో సమర్థించుకుంది. తేదీ చూశారా? సరిగ్గా 24 ఏళ్లకి అదే రోజున పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి. 1941 డిసెంబరు 11న జర్మనీ, ఇటలీల మీద ఓటు వచ్చినప్పుడు కూడా కాదనలేదు, హాజరు అని మాత్రం చెప్పి ఊరుకుంది. ఆ ఒంటరి మేయర్ లండన్ ఫొటో మాత్రం ఏ గ్రూపులోనూ రాదు. మీసాలాయన కదా, మార్చి 8కి పనికిరాడు.

ఇక “ఆమే కరెక్టని చరిత్ర తేల్చింది.” ఏ చరిత్ర? నేను చెప్పే సబ్జెక్టులో అలాంటి తీర్పు ఎక్కడా దొరకలేదు. మొదటి యుద్ధం గురించైతే ఆవిడ పక్షానే నేను. రెండోదాని దగ్గర నాకు నోరు రాదు. మా నాయనమ్మ అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల. 1942లో జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేసిన రోజు, వాళ్లమ్మ పొయ్యి మీద అన్నం కుండ దించకుండానే పిల్లల్ని బండెక్కించింది. విజయనగరం దారంతా బళ్లే బళ్లు. దారిలో నాయనమ్మకి గుర్తున్నది ఒక్కటే, మాడిన అన్నం గురించి వాళ్లమ్మ దారి పొడవునా గొణుగుతూనే ఉండటం. ఆ రోజు తారీఖు ఏప్రిల్ 6. రాంకిన్ మొదటి ఓటుకి సరిగ్గా 25 ఏళ్లు. ఆ విమానాలు ఎవరో ఒకరు ఆపితే తప్ప ఆగేవి కావు. 1941లో ఆవిడ కుర్చీలో నేనుంటే అవుననేదాన్ని.

అంతేకాదు, ఏడాది తిరిగేసరికి, 1942 డిసెంబరు 8న, రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి కావాలనే జపాన్‌ని రెచ్చగొట్టి యుద్ధంలోకి లాగారన్న అనుమానాలన్నీ పేర్చి సభ రికార్డులో పెట్టించింది. అది ఈ రోజుల్లో రాసి ఉంటే మా గ్రూపులో ఫార్వర్డ్‌గా వచ్చేది, నేను దాని మీద కూడా ఇలాగే కూర్చుని రాసేదాన్ని. ఆవిడ దేవత కాదు. అప్పట్లో క్యాన్సస్‌లో ఒక పేపరు ఎడిటర్, విలియమ్ అలెన్ వైట్, ఆవిడ నిర్ణయం తెలివైనదని మా పేపరు ఏమాత్రం ఒప్పుకోదు, కానీ ఎంత ధైర్యం, ఓ వంద మందికి అదే చేయాలని ఉండి ఉంటుంది, ఒక్కరికీ గుండె చాల్లేదు అన్న ధోరణిలో రాశాడు. నాదీ దాదాపు అదే మాట. ఆ వంద మంది లెక్క మాత్రం ఆయనెక్కడ తెచ్చాడో తెలియదు.

మన ఎంపీల్లో ఎందుకు లేరంటారా? 1985లో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, వచ్చినప్పటి నుంచి పార్టీ విప్‌ని, అంటే ఇలా ఓటు వేయమన్న పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటు వేస్తే పదవే పోవచ్చు. రాంకిన్ ఓటుకి ఈలలు వచ్చాయి, టెలిగ్రాములు వచ్చాయి, సీటు మాత్రం ఆ రాత్రి ఊడలేదు. ముందు ఈ తేడా ఫార్వర్డ్ చేయండి, తర్వాత మనవాళ్లని తిడుదురుగాని. గట్టిగా అడగాలనుంటే 87 ఏళ్ల వయసులో ఆవిడ ఏం చేసిందో చూడండి. 1968 జనవరిలో వియత్నాం యుద్ధం ఆపమని, మంచులో, వేలమంది ఆడవాళ్లని వెంటేసుకుని వాషింగ్టన్‌లో కాపిటల్ దాకా నడిచింది. అప్పుడు ఆవిడకి సభలో ఓటు లేదు.

ఇదంతా నిన్న సాయంత్రం బాబాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. మధ్యలో పిన్ని రెండుసార్లు కాఫీ చల్లారిపోతోందని కేకేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆఖర్న కాసేపు ఊరుకుని, “సరేగానీ అమ్మాయ్, ఇంతకీ ఏడ్చిందా?” అన్నాడు.